అమ్మ వేసే మార్కులకీ టీవీ వాళ్ల మార్కులకీ ఎందుకు పొంతన కుదరదు?

సత్యనారాయణపురం_శీను:

చాలా రోజుల నుంచి అడగాలనుకుంటున్నా, నవ్వుకోకండి. మాది విజయవాడ, సత్యనారాయణపురం. అమ్మకి 68 ఏళ్లు. టీవీలో పాటల పోటీ మొదలయ్యే టైముకి పొయ్యి మీద ఏమున్నా కట్టేసి వచ్చి కుర్చీ లాక్కుని కూర్చుంటుంది. ఒళ్లో పాల లెక్కల పుస్తకం, దానికి దారంతో కట్టిన పెన్ను. ముందు వైపు తెరిస్తే అరలీటరు, లీటరు, 'రాలేదు', 'విరిగాయి' అని ఉంటుంది. వెనక వైపు నుంచి తిప్పితే పాడే పిల్లల పేర్లు, పక్కన మార్కులు. శ్రుతికి పది, తాళానికి పది, మాటకి పది. మాట అంటే ఉచ్చారణ. ఒత్తులు మింగేసినవాడు, 'శ'ని 'స' చేసినవాడు ఎంత గొప్పగా సంగతులు వేసినా సరే ఆవిడ దగ్గర మాటకి నాలుగు దాటవు. పెళ్లికి ముందు మూడేళ్లు సంగీతం నేర్చుకుంది లెండి. ఘంటసాల పేరు పెట్టిన మన గవర్నమెంటు సంగీత కళాశాలలో చేరాలని ఉండేదట, కుదరలేదు. ఆ బాకీ ఇప్పుడు ఈ పిల్లల దగ్గర వసూలు చేస్తోంది.

గొడవేంటంటే, పోయిన వారం అమ్మ పుస్తకంలో ఫస్టున్న పిల్ల ఎలిమినేట్ అయింది. ఆ పిల్లకి అమ్మ ఇచ్చింది 27, నిలబడ్డ కుర్రాడికి 19. పుస్తకం టక్కున మూసేసి "వీళ్లంతా ముందే అనుకున్నార్రా" అని లేచి వెళ్లిపోయింది. ఆ రాత్రి చారులో ఉప్పు లేదు, అడిగే ధైర్యం కూడా ఎవరికీ లేదు. మా అమ్మాయి ఇంటర్ చదువుతోంది, అది ఊరుకోవచ్చుగా, "నానమ్మా, ఓట్లు పడలేదు, అంతే, పాటకీ దానికీ సంబంధం లేదు" అంది. అప్పటి నుంచి ఇంట్లో రెండు పార్టీలు. నాది మధ్య పార్టీ, అంటే ఇద్దరి చేతా తిట్లు తినే పార్టీ.

అందుకని తెలిసినవాళ్లని అడుగుతున్నా. జడ్జీలు వేసే మార్కులు నిజంగా వాళ్లే వేస్తారా? పిల్లాడి ఇంట్లో కష్టాలు చూపించగానే జడ్జీలు, యాంకర్, వెనక ఆర్కెస్ట్రా వాళ్లు అందరూ ఒకేసారి కళ్లు తుడుచుకుంటారే, అది ఎలా సాధ్యం? ఓట్లు ఎవరు లెక్కపెడతారు? అవార్డు ఫంక్షన్లు కూడా ఇలాగేనా? నా మటుకు నాకు ఇదంతా పాటలున్న సీరియల్ అనిపిస్తుంది. కానీ అమ్మ ముందు ఆ మాట అంటే రేపటి నుంచి హోటల్ భోజనమే.

కొరిటెపాడు_కుర్రోడు:

అన్నా, కన్నీళ్ల సంగతి నేను చెప్తా, ఎందుకంటే నేను ఏడ్చినవాళ్ల పక్కనే కూర్చున్నా. గుంటూరులో బీటెక్ చదివేటప్పుడు హైదరాబాద్‌లో ఒక షోకి ఆడియన్స్ కావాలంటే కాలేజీ నుంచి ఒక బస్సు వెళ్లింది. ఏ ఛానల్ అని అడక్కండి. లోపలికి వెళ్లగానే ఫోన్లు తీసేసుకున్నారు. తెల్ల చొక్కాలు వేసుకున్నవాళ్లని వెనక వరసలకి పంపారు, లైట్లకి మెరుస్తాయట. ఏసీ ఎంతుందంటే చేతులు చంకల్లో పెట్టుకుని కూర్చున్నాం.

పోటీ మొదలు కాకముందు ఒకాయన మైకు పట్టుకుని వచ్చి మా చేత చప్పట్లు కొట్టించాడు. మామూలు చప్పట్లు, గట్టి చప్పట్లు, లేచి నిలబడి చప్పట్లు. తర్వాత "ఇప్పుడు నవ్వండి", "ఇప్పుడు ఆశ్చర్యపోండి" అన్నాడు. ఎదురుగా ఖాళీ స్టేజి, ఇద్దరు కుర్రాళ్లు కేబుళ్లు చుట్టుకుంటున్నారు. వాళ్లని చూసి నోరు తెరిచి ఆశ్చర్యపోయాం. సీరియస్‌గా చెప్తున్నా, మా జన్మలో అంత బాగా నటించలేదు.

అసలు సంగతి ఎపిసోడ్ వచ్చాక తెలిసింది. మావాడొకడు కళ్లలో లెన్సులు పెట్టుకుంటాడు, ఆ ఏసీ గాలికి కళ్లు మండి పొద్దుటి నుంచి రుమాలుతో ఒత్తుకుంటూనే ఉన్నాడు. ఒక పిల్ల వాళ్ల నాన్న ఆటో నడుపుతాడని వీడియో వేసినప్పుడు, మధ్యలో మావాడు కళ్లు తుడుచుకునే ముక్క పెట్టారు. వీడు ఆ టైములో పులిహోర పొట్లాల లైన్లో ఉన్నాడు! వాళ్లమ్మ ఫోన్ చేసి "ఎంత సున్నితమైన మనసురా నీది" అందట. ఇప్పటికీ వాడిని సున్నితం అనే పిలుస్తాం.

అయితే ఒకటి. పాడినవాళ్లు మాత్రం నిజంగా పాడారు. తొమ్మిదింటికి వెళ్తే రాత్రి పదకొండు దాటాక వదిలారు, అప్పటిదాకా ఆ పిల్లలు మేకప్‌తోనే ఉన్నారు, ఒకళ్లిద్దరు కుర్చీల్లోనే నిద్రపోయారు. లేపి పాడిస్తే పాడారు. నేనైతే నా పేరు కూడా తప్పు చెప్పేవాడిని.

రెండో_కీబోర్డు:

శీను గారూ, మీ అసలు ప్రశ్నకి ఎవరూ జవాబు చెప్పలేదు. అమ్మగారి మార్కులకీ జడ్జీల మార్కులకీ ఎందుకు కుదరదు అంటే, ఇద్దరూ విన్నది ఒకే పాట కాదు కాబట్టి.

నేను ఇరవై ఏళ్లుగా బెజవాడ చుట్టుపక్కల ఆర్కెస్ట్రాల్లో కీబోర్డు వాయిస్తున్నా, పెళ్లిళ్లు, దసరా పందిళ్లు, అన్నీ. రికార్డింగ్ పని కూడా కొంత తెలుసు. స్టేజి మీద పిల్ల పాడినప్పుడు గొంతు ఒక ట్రాక్‌లో, ఒక్కో వాయిద్యం ఒక్కో ట్రాక్‌లో విడివిడిగా రికార్డవుతాయి. తర్వాత ఎడిటింగ్‌లో కూర్చుని మిక్సింగ్ చేస్తారు. ఆ మిక్సింగ్‌లో శ్రుతి సరిచేసే సాఫ్ట్‌వేర్ ఉంటుంది. తారస్థాయిలో, అంటే బాగా పైన, గాంధారం స్వరం కొంచెం కిందకి పడిందనుకోండి, మౌసుతో పట్టుకుని పైకి జరుపుతారు. అందరూ ప్రతి షోలో చేస్తారని నేను అనట్లేదు, కానీ అది చేయడం ఇప్పుడు కూరలో ఉప్పు సరిచేసినంత తేలిక. అంటే జడ్జీ విన్నది పచ్చి గొంతు, హాల్లో ప్రతిధ్వనితో, పక్కన డ్రమ్ముల మోతతో. అమ్మగారు విన్నది వండి వడ్డించింది. ఆవిడకి అందరి శ్రుతీ బాగానే వినపడుతుంది, కాబట్టి తేడా అంతా మాటలోనే కనపడుతుంది. మాట మాత్రం ఆ శ్రుతి సాఫ్ట్‌వేర్ సరిచేయలేదు. 'శ' పలకని నాలుకకి అది 'శ' అతికించలేదు. కాబట్టి మాటకి వేరుగా పది మార్కులు పెట్టుకున్న ఆవిడ తెలివిని మెచ్చుకోవాలి.

దీనికి తోడు స్కేల్ గోల ఒకటుంది, అంటే ఏ ఎత్తు శ్రుతిలో పాడాలన్నది, దాన్ని అంకెల్లో చెప్తాం. మగ గొంతుకి మామూలుగా ఒకటి శ్రుతి దగ్గర హాయిగా ఉంటుంది, ఆడపిల్లలకి ఐదు, ఐదున్నర. సినిమా పాట ఎవరి గొంతుకో కట్టింది. దాన్ని 'ఒరిజినల్ స్కేల్‌లోనే పాడతా' అని పట్టుపట్టి చరణంలో పీక పిసికినట్టు అరిచే పిల్లల్ని ఎంతమందిని చూశానో. జడ్జీలు దాన్నే 'హై పిచ్, సూపర్' అని లేచి నిలబడతారు. అర శ్రుతి దించుకుని సుఖంగా, భావంతో పాడినవాడిని ఎవరూ పట్టించుకోరు. నాకు ఒళ్లు మండేది అక్కడ. అరుపు గొప్పా పాట గొప్పా అండీ?

లక్ష్మీపురం_పద్మ:

మా అనుభవం చెప్తా. గుంటూరు మాది. మా పాపకి అప్పుడు 11 ఏళ్లు, కర్ణాటక సంగీతం వర్ణాల దాకా వచ్చింది. ఆడిషన్ ఉందంటే తెల్లవారుజామునే విజయవాడ వెళ్లి శాతవాహన ఎక్కి సికింద్రాబాద్ చేరాం. అక్కడ ఎండలో లైను. ఛాతీ మీద అంటించుకోమని నంబరు కాగితం ఇచ్చారు, మాది నాలుగొందల చిల్లర. లైనులో ప్రతి గోడ పక్కనా ఒక పిల్ల సాధన చేస్తోంది, అందరిదీ ఇంచుమించు అవే ఐదారు పాటలు, తలనొప్పి వచ్చింది.

లోపలికి పంపేముందు ఒక అమ్మాయి అట్టకి పెట్టిన ఫారం పట్టుకుని వివరాలు రాసుకుంటోంది. పేరు, ఊరు, గురువు ఎవరు, అన్నీ అయ్యాక "ఇంట్లో ఏమైనా ఇబ్బందులున్నాయా ఆంటీ" అంది. నాకు అర్థం కాలేదు. "అంటే ఆర్థికంగా గానీ, ఆరోగ్యం గానీ, నాన్నగారు లేకపోవడం గానీ..." అంది. నాన్నగారు పక్కనే వాటర్ బాటిల్ పట్టుకుని నిలబడి ఉన్నారు! ఆయనకి బ్యాంకులో ఉద్యోగం, సొంతిల్లు, మాకు అలాంటివేమీ లేవమ్మా అన్నాను. ఆ అమ్మాయి పాపం చెడ్డది కాదు, "సరే ఆంటీ" అని నవ్వి పెన్నుకి మూత పెట్టేసింది. పాప ఒక పల్లవి, సగం చరణం పాడింది, "బాగుందమ్మా, మేమే ఫోన్ చేస్తాం" అన్నారు. ఇప్పటిదాకా రాలేదు, పాప ఇప్పుడు డిగ్రీ.

తిరుగు రైల్లో కిటికీ పక్కన కూర్చుని మధ్యలో ఎప్పుడో అడిగింది, "అమ్మా, మనకి కష్టాలు ఎప్పుడొస్తాయి?" అని. మావారు అటు తిరిగి నవ్వుకున్నారు గానీ నాకు నవ్వు రాలేదు.

అలాగని గెలిచిన పిల్లలందరివీ కట్టుకథలని నేను అనను. ఉన్న కష్టాన్ని అమ్ముకోమని అడగడమే నాకు నచ్చలేదు.

బెంజిసర్కిల్_బాబీ:

ఆదివారం సాయంత్రం టీవీ కట్టేసి ఆంటీని ప్రకాశం బ్యారేజీ మీదకి తీసుకెళ్లండి సార్, గాలి ఫ్రీ, ఎలిమినేషన్ లేదు.

సత్యనారాయణపురం_శీను:

@బెంజిసర్కిల్_బాబీ, తీసుకెళ్లా బాబూ. దారిలో గుడి మైకులో ఎవరో భజన పాడుతుంటే ఆగి విని "తాళం తప్పాడు, ఆరు" అంది.

@రెండో_కీబోర్డు గారూ, మీ మెసేజ్ అమ్మకి చదివి వినిపించా. శ్రుతి సరిచేస్తారన్న మాట దగ్గర చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత పుస్తకం తీసి పాత పేజీల్లో శ్రుతి మార్కులన్నీ ఒక్కో మార్కు తగ్గించి మళ్లీ కూడుతోంది. ఇదేం పని పెట్టారండీ నాకు.

పరిషత్తు_మాస్టారు:

నాయనా, నేను రిటైరైన తెలుగు మాస్టారిని, బ్రాడీపేట. నాటక పరిషత్తుల్లో నటించాను, తర్వాత న్యాయనిర్ణేతగా కూర్చున్నాను, కాబట్టి కుర్చీకి రెండు వైపులా చూసినవాడిని. మా గుంటూరు, తెనాలి, పొన్నూరు వైపు పరిషత్తు పోటీలంటే టీవీ పుట్టకముందు నుంచీ ఇదే టెన్షన్. ముగ్గురు న్యాయనిర్ణేతలు ముందు వరసలో చిన్న దీపం పెట్టుకుని కూర్చుంటాం. ఎవరి కాగితం వాళ్లది. ప్రదర్శన, రచన, దర్శకత్వం, నటుడు, నటి, ప్రతినాయకుడు, రంగాలంకరణ, ఆహార్యం, అన్నిటికీ అంకెలు. చివరి నాటిక అయ్యేసరికి అర్ధరాత్రి దాటుతుంది, అప్పుడు టీ తాగుతూ ముగ్గురం కాగితాలు కలిపి కూడతాం, బయట నాటక సమాజాల వాళ్లు దుప్పట్లు కప్పుకుని కాచుకుని ఉంటారు. ఫలితం చదవగానే కనీసం ఒక సమాజం వాళ్లు "అన్యాయం" అని అరవకపోతే ఆ పరిషత్తు జరిగినట్టే కాదు. నన్ను ఒకసారి రిక్షా ఎక్కనివ్వలేదు, 'మా విలన్‌కి ఎందుకు ఇవ్వలేదో చెప్పి కదలండి' అని చుట్టూ చేరారు. ఆ విలన్ కూడా వచ్చి నిలబడ్డాడు, మేకప్ తుడుచుకోకుండానే.

కాబట్టి పోటీ అన్నాక మచ్చ లేకుండా ఎప్పుడూ లేదు. తేడా ఎక్కడంటే, మా తప్పు మా ముగ్గురిదీ, ఎదురుగా దొరుకుతాం, తిట్టొచ్చు. టీవీలో తప్పు ఎవరిదో తెలియదు. ఓట్లు ఎన్ని పడ్డాయో ఎవరికెన్నో సాధారణంగా బయట పెట్టరు, 'నిబంధనలు వర్తిస్తాయి' అని చీమ తలకాయంత అక్షరాలతో వేస్తారు, మీ అమ్మగారి కోపానికి అడ్రసు లేదు. అందుకే పాపం చారు మీద పడింది.

గాయకుడు ఎస్పీ బాలు గారి సంగతి వేరు. 1964లో మద్రాసులో తెలుగు సంఘం వాళ్లు పెట్టిన పాటల పోటీలో ఆయన మొదటి బహుమతి గెలిచారు, అక్కడ గొంతు విన్న సంగీత దర్శకుడు కోదండపాణి గారే తర్వాత సినిమాలో తొలిపాట పాడించారు, 1966లో ఆ సినిమా వచ్చింది. అంటే ఆయనే పోటీలోంచి పుట్టిన మనిషి. 1996లో ఈటీవీలో పాడుతా తీయగా మొదలుపెట్టాక, పాడిన పిల్లని నిలబెట్టి ఆ పాట రాసిందెవరు, ఆ మాటకి అర్థమేమిటి, ఇక్కడ ఊపిరి ఎక్కడ తీసుకోవాలి అని చెప్తుంటే నేను క్లాసులో చెప్పేదానికన్నా నయంగా ఉండేది. తప్పు చెప్పినా పిల్ల మొహం మాడేది కాదు. ఇప్పుడు వాళ్లబ్బాయి చరణ్ నడుపుతున్నారు. మిగతా చోట్ల జడ్జీలు 'మైండ్ బ్లోయింగ్', 'గూస్‌బంప్స్' అని రెండు మాటలు పంచుకుంటున్నారు, తెలుగులో మెచ్చుకోలుకి మాటలు కరువయ్యాయా?

అవార్డులంటారా, నంది పరిస్థితే చూడండి. అదీ 1964లో మొదలైంది, లేపాక్షి బసవన్న పేరు మీద. చిన్నప్పుడు మాకు నంది వచ్చిన సినిమా అంటే ఊళ్లో గొప్ప. 2014, 2015, 2016 మూడేళ్ల అవార్డులు కలిపి 2017 నవంబరులో ప్రకటించారు, ప్రకటించగానే ఇండస్ట్రీ అంతా కొట్టుకున్నారు, ఆ తర్వాత ఏళ్ల తరబడి సినిమా నందులు ఇవ్వలేదు. తెలంగాణ వాళ్లు గద్దర్ పేరుతో 2025 జూన్‌లో అవార్డులు ఇచ్చుకున్నారు. మనకి దక్కింది నాటకాల నందులు, 2023 డిసెంబరులో మా గుంటూరు వెంకటేశ్వర విజ్ఞాన మందిరంలోనే జరిగాయి. రోజూ వెళ్లాను. కుర్చీలో వెన్ను పట్టేసింది, అయినా వెళ్లాను.

అరండల్‌పేట_ఖాతాలు:

అందరూ కళ గురించి మాట్లాడుతున్నారు, నేను డబ్బు గురించి రెండు ముక్కలు. ఖాతాలు రాసే పని నాది.

స్టేజి మీద ఇచ్చే ఆ పెద్ద అట్ట చెక్కు మీద 10 లక్షలు అని ఉంటే చేతికి వచ్చేది 7. టీవీ పోటీల్లో గెలిచిన బహుమతి మీద 30 శాతం పన్ను ముందే పట్టుకుంటారు, రిటర్ను వేసేటప్పుడు దాని మీద సెస్సు అదనం. మామూలు శ్లాబులు, మినహాయింపులు దీనికి పనిచేయవు. కారు గెలిచారనుకోండి, ఇంకా తమాషా, ఆ కారు విలువ మీద పన్ను కట్టాకే తాళాలు చేతికివ్వాలి. మా క్లయింటు వాళ్లబ్బాయి ఒక చిన్న పోటీలో బండి గెలిచి, పన్ను డబ్బుల కోసం అప్పు చేసి, చివరికి బండి అమ్మేశాడు.

పద్మ గారూ, చిన్నపిల్లల విషయంలో ఒకటి తెలుసుకోండి, మళ్లీ ఎవరికైనా పనికొస్తుంది. 14 ఏళ్లలోపు పిల్లలని షూటింగుల్లో పెట్టడానికి 2017 నుంచి కేంద్రం రూల్స్ ఉన్నాయి. రోజుకి 5 గంటలకి మించకూడదు, విశ్రాంతి ఇవ్వకుండా వరసగా 3 గంటలు దాటకూడదు. పిల్లలు సంపాదించిన దాంట్లో కనీసం 20 శాతం పిల్లల పేరు మీద జాతీయం చేసిన బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్ చేయాలి. కొరిటెపాడు తమ్ముడు చెప్పినట్టు రాత్రి పదకొండింటికి కుర్చీలో నిద్రపోతున్న పిల్లలు 14 లోపువాళ్లయితే అది తప్పే. తల్లిదండ్రులు అడగరు, ఎందుకంటే అడిగితే వచ్చే వారం పిల్ల ఉండదేమో అని భయం. అదీ నిజమే, నేను ఉన్నా అడగనేమో.

ఫుల్‌ఛార్జ్_విజ్జి:

ఇక్కడ అంతా పెద్దవాళ్లే ఉన్నట్టున్నారు, తిట్టకండి, నేను ఓట్ల పార్టీ. శీను అంకుల్ వాళ్ల అమ్మాయి కరెక్ట్.

ఓట్లు అంటే ఎందుకంత చులకన? 2006లో ఇండియన్ ఐడల్‌లో కారుణ్య రెండో స్థానం దాకా వెళ్లాడు, 2010లో శ్రీరామచంద్ర గెలిచాడు, 2017లో రేవంత్ గెలిచాడు. హిందీ వాళ్ల పోటీలో మనవాళ్లు అంతదాకా వెళ్లారంటే గొంతుతో పాటు మనవాళ్ల ఓట్లు కూడా ఉన్నాయి కదా? అప్పుడు మా అమ్మా వాళ్లు ఎస్సెమ్మెస్‌లు పంపి పంపి బ్యాలెన్స్ అయిపోతే తాతయ్యతో తిట్లు తిన్నారట. అప్పుడు ఓటు తీపి, ఇప్పుడు చేదా?

రాహుల్ సిప్లిగంజ్‌నే చూడండి. 2019లో బిగ్ బాస్ 3 గెలిచినప్పుడు 'వీడేంటి, వీడికేంటి' అన్నవాళ్లున్నారు. 2023 మార్చి 13, సోమవారం, పొద్దున్నే కాలేజీకి లేటవుతున్నా టీవీ ముందు నుంచి కదల్లేదు నేను. కాలభైరవతో కలిసి అతనే ఆస్కార్ స్టేజి మీద నాటు నాటు పాడాడు, కీరవాణి గారూ చంద్రబోస్ గారూ అవార్డు అందుకున్నారు. మా వీధిలో ఎవరో సీమటపాకాయలు కాల్చారు. అది అవార్డు ఫంక్షన్ అంటే. మనవాళ్లవి జరిగిన ఎన్నో వారాలకి టీవీలో వేస్తారు, ఈలోపు ఎవరికి వచ్చిందో ఫోన్లో అందరికీ తెలిసిపోతుంది, ఇక మధ్యలో డాన్సులు చూడ్డానికి తప్ప ఎందుకు? పైగా ముందు వరసలో ఉన్న ప్రతి హీరోకీ ఏదో ఒకటి ఉంటుంది. ఉత్తమ నటుడు, పాపులర్ నటుడు, క్రిటిక్స్ నటుడు, ట్రెండింగ్ నటుడు. మా స్కూల్ యానివర్సరీలో కూడా ఇంతే, ఎవరి పేరెంట్స్ ఫీల్ కాకుండా.

ఇంకో మాట. నానమ్మ గారు అసలు ఓటు వేశారా? పాల పుస్తకంలో 27 అని రాస్తే అది వాళ్ల సర్వర్‌కి ఎలా వెళ్తుంది అంకుల్?

రెండో_కీబోర్డు:

విజ్జి తల్లీ, ఓట్ల మోజులోనే కదా 2023 డిసెంబరులో బిగ్ బాస్ ఫైనల్ రాత్రి హైదరాబాద్‌లో స్టూడియో బయట ఆర్టీసీ బస్సుల అద్దాలు పగలగొట్టారు. మాస్టారి పరిషత్తులో రిక్షా ఆపారు, అంతేగా. కానీ నీ చివరి ప్రశ్న మాత్రం సూటిగా తగిలింది. శీను గారు జవాబు చెప్పాలి.

ఫుల్‌ఛార్జ్_విజ్జి:

అద్దాలు పగలగొట్టినోళ్లు వేరే బ్యాచ్ అంకుల్, మేము స్టేటస్‌లు మాత్రమే పెడతాం.

సత్యనారాయణపురం_శీను:

వేయలేదు. నిజం ఒప్పుకుంటున్నా. ఇన్నేళ్లలో ఒక్క ఓటు కూడా వేయలేదు. ఓటు వేయాలంటే యాప్ కావాలని అమ్మకి తెలియదు, నాకు తెలిసినా చెప్పలేదు, ఎందుకంటే ఆ యాప్ నా ఫోన్లో పెట్టాలి.

నిన్న రాత్రి పెట్టాం. మా అమ్మాయే కూర్చోబెట్టి నేర్పింది. ఓటీపీ వస్తే "ఈ నంబరు ఎవరికీ చెప్పకూడదు అంటున్నాడు, మరి వీడికెందుకు చెప్పాలి" అని పావుగంట పేచీ. తర్వాత పిల్లల ఫొటోలు వరసగా వచ్చాయి. అమ్మ కళ్లజోడు సరిచేసుకుని, "ఈ అబ్బాయికి ఏడున్నర, ఎక్కడ నొక్కాలి?" అంది. అరలు లేవు నానమ్మా, మొత్తం మీద నీకు పది ఓట్లు, ఎవరికి ఎన్ని కావాలంటే అన్ని పంచుకో అంది మా అమ్మాయి. అమ్మకి అది అస్సలు నచ్చలేదు. అందరికీ విడివిడిగా పది ఉండాలి గానీ అందరికీ కలిపి పది ఏంటి, ఇదేమన్నా రేషనా అంది.

చివరికి పుస్తకం తెచ్చుకుంది. మార్కులు చూసుకుంటూ ఒకళ్లకి నాలుగు, ఒకళ్లకి మూడు, ఆ 19 మార్కుల కుర్రాడికి కూడా రెండు వేసింది, ఈ వారం 'శ' పలికాడట. తొమ్మిదయ్యాయి. ఇంకొకటి మిగిలింది నానమ్మా, ఎవరికేస్తావు, టైమైపోతోంది అని ఇది తొందరపెడుతోంది.

ఎవరికీ వేయలేదు. "ఆ ఒక్కటీ వాళ్లకి ఇచ్చేంత బాగా ఇవాళ ఎవరూ పాడలేదు" అని ఫోన్ నా చేతికిచ్చేసి, పుస్తకంలో రాసుకుంది: 9 వేశాను, 1 ఉంది.